ముక్కు సర్జరీ: దూలం ఒక్కటే సరిచేయించుకోవాలా, షేప్ కూడానా, అసలు అవసరమా?

నాకు ముక్కు ఆపరేషన్ రెండుసార్లు అయిందని మా చుట్టాల్లో, ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి ఎవరికి ఈ ఆలోచన వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. అడిగేది ఎప్పుడూ ఒకటే, "ఓపెన్ మంచిదా క్లోజ్డ్ మంచిదా", లేకపోతే "అల్ట్రాసోనిక్ అంట కదా, అది చేయించుకోనా". ఇవన్నీ ఆపరేషన్ చేసే పద్ధతుల పేర్లు, కింద చెప్తా. నేను వాళ్లని తిరిగి ఇంకోటి అడుగుతా. మీ బాధ ఊపిరి ఆడకపోవడమా, అద్దంలో ముక్కు నచ్చకపోవడమా, రెండూనా? ఇది తేలకుండా ఓపెనా క్లోజ్డా అని కొట్టుకోవడం అంటే ఊరు ఏదో తెలీకుండా బస్సా రైలా అని వాదించుకోవడమే.

నా సంగతి చెప్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుద్ది. డిగ్రీలో ఉండగా క్రికెట్ బాల్ తగిలి ముక్కు కొంచెం ఎడమకి వంగింది, నొప్పి తగ్గింది కదా అని వదిలేశా. నాలుగేళ్లకి కుడివైపు గాలి అసలు ఆడేది కాదు, రాత్రి నోరు తెరుచుకుని పడుకోవడం, పొద్దున్నే గొంతు ఎండిపోవడం. డాక్టర్ చూసి ముక్కు దూలం వంకర అన్నాడు, ఆపరేషన్ చేశారు, దూలం తిన్నగా వచ్చింది, స్కాన్ లో కూడా బాగుంది. కానీ గట్టిగా ఊపిరి పీలిస్తే కుడివైపు ముక్కు పక్క గోడ లోపలికి అతుక్కుపోయేది, మెట్లెక్కితే చాలు. రెండేళ్లు "అలవాటైపోద్దిలే" అని విన్నా. తర్వాత ఇంకో డాక్టర్ నా చెంపని వేలితో పక్కకి లాగి ఇప్పుడు పీల్చు అన్నారు, ఒక్కసారిగా గాలి జుయ్యిమని వచ్చింది. అసలు సమస్య దూలం ఒక్కటే కాదు, వాల్వ్ (ముక్కు లోపల గాలి పోయే ఇరుకు సందు) కూడా అని అప్పుడు తెలిసింది. చెవి వెనక నించి కార్టిలేజ్ (మెత్తటి ఎముక లాంటిది) తీసి రెండో ఆపరేషన్ చేశారు. మొదటిసారే ఆ చెంప లాగే టెస్ట్ చేసుంటే ఒక్క ఆపరేషన్ తో పోయేది.

ముక్కు ఎట్లా ఉంటదో కొంచెం తెలిస్తే డాక్టర్ మాటలు అర్థమవుతాయి. పైన కళ్ల మధ్యలో ఉండే మూడో వంతు ఎముక, కింద రెండొంతులు కార్టిలేజ్, అంటే చెవిలో చేతికి తగిలే ఆ మెత్తటి గట్టిదనం. లోపల రెండు గదుల మధ్య గోడే సెప్టమ్, మనం ముక్కు దూలం అనేది దాన్నే. ఇల్లు కట్టేటప్పుడు దూలం పైకప్పుని మోసినట్టే ఇది కూడా ముక్కు బయట షేప్ ని మోస్తది, అందుకే లోపలి రిపేరూ బయటి అందమూ రెండు వేరు వేరు పనులని అనుకోవద్దు. ఇక పక్క గోడలకి టర్బినేట్లు అని కండలు ఉంటాయి, మనవాళ్లు "ముక్కులో కండ పెరిగింది" అంటే చాలాసార్లు ఇవే వాచి ఉంటాయి, కొందరికి మాత్రం పాలిప్స్, అది వేరే జబ్బు. లోపలి వాల్వ్ అంటే సెప్టమూ పక్క గోడ పైభాగమూ కలిసే సందు, ముక్కు మొత్తంలో ఇరుకైన చోటు, తెల్లవాళ్ల ముక్కుల్లో కొలిచినప్పుడు ఆ కోణం 10 నించి 15 డిగ్రీలే. అక్కడ కొంచెం ఇరుకైనా గాలి చాలా తగ్గిపోద్ది.

ఆపరేషన్ కి ముందు తేల్చుకోవాల్సినవి

ముక్కు దిబ్బడ ఉన్నోళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. మన దగ్గర దుమ్ము, పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్లు చాలామంది, వాళ్లకి డాక్టర్ రాసిన స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు రోజూ మానకుండా వాడి, ఉప్పు నీళ్లతో కడుక్కుంటే సగం సమస్య పోతది. ఉప్పు నీళ్లకి కాచి చల్లార్చిన నీళ్లే వాడండి, కుళాయి నీళ్లు వద్దు. ఇంకోటి, మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు. వేసిన నిమిషంలో ముక్కు తెరుచుకుంటది నిజమే, కానీ 3 నించి 5 రోజులు దాటి వాడితే అదే దిబ్బడ రెట్టింపై తిరిగొస్తది, ఇంకా వేస్తారు, ఇంకా మూసుకుంటది. నెలల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లని చూశాను, వాళ్లు ముందు దాన్నించి బయటపడాలి, ఆ తర్వాతే సర్జరీ మాట.

స్ప్రేలతో తగ్గకపోతే, ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోతుంటే, దెబ్బ తగిలాక మొదలైతే, అప్పుడు ఎండోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూడటం) చేయించాలి, సైనస్ అనుమానం ఉంటే సీటీ స్కాన్. దాంతోపాటు ఆ చెంప లాగే పరీక్ష తప్పకుండా చేయించుకోండి, దాన్ని కాటిల్ టెస్ట్ అంటారు, డబ్బులు ఖర్చయ్యేది కాదు, అరనిమిషం పని. అదొక్కటే చూసి ఏదీ తేల్చలేరు, వాల్వ్ మీద అనుమానం రావడానికి మాత్రం బాగా పనికొస్తది. కనీసం ఈ మాట మీరే నోరు తెరిచి అడగండి: "డాక్టర్ గారూ, నా వాల్వ్ ఎట్లా ఉంది?"

సెప్టోప్లాస్టీ: ఊపిరి కోసం

బయట ముక్కు నచ్చింది, లోపల దూలం వంకర, ఊపిరి ఆడట్లేదు. ఇదే మీ కథైతే ఎంపిక సులువు, సెప్టోప్లాస్టీ. కోత అంతా లోపలే, మొహం మీద మచ్చ ఉండదు, కళ్ల కింద నల్లబడదు, వారం పది రోజుల్లో పనికి వెళ్లొచ్చు. ఇది నిజంగా పనిచేస్తదా అనే అనుమానం డాక్టర్లలోనే చాలా కాలం ఉండేది. యూకేలో 17 ఆసుపత్రుల్లో 378 మంది పెద్దవాళ్ల మీద ట్రయల్ చేశారు, కొందరికి ఆపరేషన్, కొందరికి 6 నెలలు స్టెరాయిడ్, ఉప్పునీళ్ల స్ప్రేలు, ఫలితం 2023లో వచ్చింది. 6 నెలలకి లక్షణాల స్కోరు 110కి స్ప్రే వాళ్లకి దాదాపు 40 ఉంటే ఆపరేషన్ వాళ్లకి 20 దగ్గర ఉంది, తక్కువుంటే మంచిది. 2019లో నెదర్లాండ్స్ లో 203 మంది మీద చేసిన ట్రయల్ కూడా ఇదే వైపు చూపించింది. కాబట్టి నిజంగా వంకర ఉండి బాగా ఇబ్బంది పడుతున్నవాళ్లు భయపడి వాయిదా వేసుకోనక్కర్లేదు.

కానీ దీన్నించి ఏం ఆశించకూడదో కూడా తెలుసుకోండి. అలర్జీ పోదు, తుమ్ములు తుమ్ములే. గురక కొందరికి తగ్గుద్ది, అయితే నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉంటే ఇదొక్కటే దాన్ని నయం చేయదు. తలనొప్పి పోతదని చెప్పి ఆపరేషన్ కి ఒప్పిస్తే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

పాత పద్ధతికీ ఇప్పటి పద్ధతికీ తేడా ఉంది. వెనకటి రోజుల్లో వంకరున్న కార్టిలేజ్ చాలా మేరకు తీసి పారేసేవాళ్లు, కొన్నేళ్లకి ముక్కు నడిమి భాగం గుర్రం జీనులా కుంగిపోయేది. ఇప్పుడు తీయడం తగ్గించి తిన్నగా చేయడం, తీసిందాన్ని సరిచేసి మళ్లీ పెట్టడం. ముందువైపూ పైవైపూ కనీసం ఒక సెంటీమీటర్ వెడల్పు కార్టిలేజ్ పట్టీ తీయకుండా వదిలేయాలనేది నియమం, ముక్కుని నిలబెట్టేది అదే. టర్బినేట్లు కూడా అంతే, పూర్తిగా కోసేస్తే లోపల అంతా ఖాళీగా ఉన్నా గాలి ఆడట్లేదనిపించే బాధ కొందరికి వస్తది, అది చాలా నరకం, కాబట్టి "కండ మొత్తం తీసేస్తాం" అంటే ఒప్పుకోవద్దు, పైపొర కాపాడి సైజు తగ్గించే పద్ధతులున్నాయి, వాటి గురించి అడగండి.

అందరూ భయపడేది ముక్కులో గుడ్డలు కుక్కి తర్వాత లాగడం గురించి. ఇప్పుడు చాలామంది సర్జన్లు లోపల కుట్లు వేసి ప్యాకింగ్ మానేస్తున్నారు, లేదంటే పల్చటి సిలికాన్ స్ప్లింట్లు (దూలం కదలకుండా పట్టే రేకులు) పెట్టి కొన్ని రోజులకి తీసేస్తారు. నాకు మొదటిసారి ప్యాకింగ్, రెండోసారి స్ప్లింట్లు, ఆ రెండు రాత్రులకీ పోలికే లేదు. బుకింగ్ కి ముందే దీని గురించి అడిగి పెట్టుకోండి.

వాల్వ్ సమస్య ఉంటే సెప్టోప్లాస్టీ ఒక్కటే చాలదు, సెప్టమ్ కీ పక్క కార్టిలేజ్ కీ మధ్యలో చిన్న అగ్గిపుల్లల్లాంటి ముక్కలు పెట్టి ఆ సందుని వెడల్పు చేస్తారు, వాటిని స్ప్రెడర్ గ్రాఫ్ట్ లు అంటారు. పక్క గోడ మెత్తబడి లోపలికి పడిపోతుంటే దానికి దన్నుగా ఇంకో గ్రాఫ్ట్. బయట ముక్కు కూడా వంగి ఉంటే ఇంక తప్పదు, లోపలా బయటా కలిపి ఒకేసారి సెప్టోరైనోప్లాస్టీ. వంకర ముక్కు గురించి డాక్టర్లు చెప్పేది ఒకటుంది, దూలం ఎటు పోతే ముక్కు అటు పోతది. బయట ఎముకలు సరిచేసి లోపల వంకర వదిలేస్తే మళ్లీ అటే లాగుద్ది.

రైనోప్లాస్టీ: షేప్ కోసం

ఇక్కడ పద్ధతుల పేర్లు ఎక్కువ, గందరగోళం కూడా ఎక్కువే. ఓపెన్ అంటే రెండు రంధ్రాల మధ్య ఉండే సన్నటి స్తంభం మీద చిన్న కోత పెట్టి చర్మాన్ని పైకెత్తి అన్నీ కళ్లారా చూస్తూ చేయడం. క్లోజ్డ్ అంటే కోతలన్నీ లోపలే. ఓపెన్ లో మచ్చ ఉంటది కానీ బాగా కుడితే ఎదురుగా కూర్చున్నోళ్లకి కూడా కనపడదు, ముక్కు కొన వాపు మాత్రం ఎక్కువ రోజులుంటది, కొన మొద్దుబారినట్టు కొన్ని నెలలు ఉంటది. క్లోజ్డ్ లో వాపు తొందరగా తగ్గుద్ది కానీ సర్జన్ కి చూపు తక్కువ. నా అభిప్రాయం చెప్పాలంటే చిన్న బొడిపె అరగదీయడం లాంటిదైతే క్లోజ్డ్ చాలు, కొన సరిచేయాలన్నా, ముక్కు బాగా వంకరున్నా, ఒకసారి ఆపరేషన్ అయిన ముక్కైనా ఓపెన్ కే వెళ్లండి. అంతకన్నా ముఖ్యం ఆ సర్జన్ చేయి దేనికి అలవాటు పడిందనేది, రోజూ క్లోజ్డ్ చేసే ఆయన్ని ఓపెన్ చేయమని బలవంతపెట్టి సాధించేదేమీ లేదు.

బయట కనపడే ముక్కు పై గీతని కూడా దూలమే అంటాం, దాని మీద బొడిపె తీయడంలో రెండు దారులున్నాయి. పాత దారి పైనించి బొడిపెని కోసేయడం, కోసేసరికి పైకప్పు తెరుచుకుంటది, దాన్ని మూయడానికి పక్క ఎముకల్ని విరిచి దగ్గరికి జరుపుతారు. ఇట్లా దగ్గరికి జరిపినప్పుడే నేను పైన చెప్పిన వాల్వ్ ఇరుకై, ముక్కు చూడ్డానికి కోటేరు వేసినట్టుండి ఊపిరి మాత్రం ఆడకుండా పోయే ప్రమాదముంది. అందుకే జాగ్రత్తగల సర్జన్లు బొడిపె తీస్తూనే స్ప్రెడర్ గ్రాఫ్ట్ లు పెట్టడమో, పక్క కార్టిలేజ్ నే లోపలికి మడిచి కుట్టడమో చేస్తారు. రెండో దారి ప్రిజర్వేషన్ రైనోప్లాస్టీ, దీంట్లో పైకప్పు ముట్టుకోరు, కింద గోడలోంచి కొంచెం తీసి కప్పు మొత్తాన్ని కిందికి దించుతారు. 2018 నించి ఈ పేరు బాగా వినపడుతోంది గానీ ఆలోచన నూరేళ్ల పైమాటే, 1899లోనే ఒక అమెరికా డాక్టర్ దీని గురించి రాశాడు. దూలం పైన గీత సహజంగా ఉంటది, అది నిజంగా మంచి విషయం, అయితే తిన్నటి ముక్కు మీద ఉండే చిన్న బొడిపెలకి కుదిరినంతగా దెబ్బలు తిని ముక్కలైన ముక్కులకీ, చప్పిడి ముక్కులకీ కుదరదు. చప్పిడి ముక్కుకి కావాల్సింది ఎత్తు పెంచడం కదా.

అల్ట్రాసోనిక్ లేదా పియెజో అంటే ఎముకని సుత్తీ ఉలితో కాకుండా కంపించే పనిముట్టుతో కోయడం, అది ఎముకని కోస్తది, మెత్తటి కండని పెద్దగా ముట్టుకోదు. మొదటి వారంలో నలుపు, వాపు కొంచెం తక్కువుండొచ్చు. కానీ అది ఎముక పనికే, కొనకీ వాల్వ్ కీ దానికీ సంబంధం లేదు, ఆ మెషిన్ ఉందని మాత్రమే ఒక ఆసుపత్రి ఎంచుకోవద్దు. పోస్టర్ మీద మెషిన్ పేరు పెద్దగా, సర్జన్ పేరు చిన్నగా ఉంటే నాకైతే అక్కడే నమ్మకం తగ్గిపోద్ది.

మన ముక్కుల గురించి ఒక మాట. మన వాళ్లలో చాలామందికి చర్మం మందం, కొన దగ్గర కార్టిలేజ్ బలహీనం, రంధ్రాల దగ్గర వెడల్పు. మందం చర్మం కింద ఎంత సన్నగా చెక్కినా పైకి కనపడదు, ఎక్కువ తీసేస్తే చర్మం మందపు దుప్పటిలా ఉండి కుదించుకోలేక కొన ఇంకా మొద్దుగా తయారవుతది. అందుకే మనకి తీసేయడం కన్నా లోపల గట్టి ఆధారం పెట్టి కొనని నిలబెట్టే పద్ధతే ఎక్కువసార్లు సరిపోద్ది. రంధ్రాల వెడల్పు తగ్గించడం చూడ్డానికి చిన్న పనే కానీ అక్కడ ఎక్కువ కోస్తే వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం, కొంచెం తక్కువే కోయమని అడగండి. ముక్కుపుడక ఉన్న అమ్మాయిలు ఆ సంగతి ముందే చెప్పాలి, ఆపరేషన్ కి తీసేయాలి, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో, ఆ కోత కుట్టు దానికి ఎంత దగ్గరగా పడుద్దో అడగాలి.

ఎత్తు పెంచాలంటే దేంతో?

మన దగ్గర ఎక్కువమంది అడిగేది బయటి దూలం ఎత్తు, కాబట్టి ఇది కొంచెం వివరంగా. మొదటి ఎంపిక మీ సొంత సెప్టమ్ కార్టిలేజ్, తిన్నగా ఉంటది, అదే కోతలోంచి వచ్చేస్తది, కానీ మన ముక్కుల్లో అది ఎక్కువ దొరకదు, ఒకసారి సెప్టోప్లాస్టీ అయ్యుంటే అసలుండదు. రెండోది చెవి కార్టిలేజ్, వంపుగా మెత్తగా ఉంటది, వాల్వ్ కీ కొనకీ బాగుంటది, దూలం మొత్తం ఎత్తడానికి చాలదు, చెవి షేప్ మారదు, నాది ఇప్పటికీ మామూలుగానే ఉంది. మూడోది పక్కటెముక కార్టిలేజ్, కావాల్సినంత దొరుకుద్ది, గట్టిగా ఉంటది, బాగా కుంగిపోయిన ముక్కుకీ రెండోసారి ఆపరేషన్ కీ అదే దిక్కు, కానీ ఛాతీ మీద మచ్చ, కొన్ని రోజులు నొప్పి, ఆ ముక్క వంగే అవకాశం. వంగకుండా సన్నగా తరిగి కండ పొరలో చుట్టి పెట్టే పద్ధతి కూడా ఉంది.

నాలుగోది సిలికాన్. తూర్పు ఆసియాలో చాలా వాడతారు, సులువు, చవక, వేరే కోత అక్కర్లేదు. అయినా నేను వద్దనే చెప్తా, ముఖ్యంగా ఇరవైల్లో ఉన్నవాళ్లకి. అది బయటి వస్తువు, ఇన్ఫెక్షన్ రావచ్చు, పక్కకి జరగొచ్చు, ఏళ్ల తర్వాత కూడా చర్మం పల్చబడి బయటికి రావచ్చు, అప్పుడు దాన్ని తీసేసి దెబ్బతిన్న చర్మం కింద మళ్లీ పక్కటెముకే పెట్టాలి. యాభై ఏళ్లు మోయాల్సిన ముక్కుకి సొంత కార్టిలేజే మేలు.

ఫిల్లర్ తో సరిపెట్టుకోవచ్చా?

"కోత లేదు, పదిహేను నిమిషాలు" అనేసరికి చాలామంది ఇటే చూస్తారు. హైలురానిక్ యాసిడ్ జెల్ ని ఇంజెక్షన్ తో ఎక్కించడం, బొడిపెకి పైనా కిందా నింపితే బొడిపె మాయమైనట్టు కనపడుద్ది, ఏడాది అటూ ఇటూ నిలబడుద్ది. దీంతో ముక్కు చిన్నది కాదు, పెద్దదే అవుతది, ఊపిరికి ఏ ఉపయోగమూ లేదు. అసలు భయపడాల్సింది ఇంకోటి, ముక్కు రక్తనాళాలకి కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది, జెల్ పొరపాటున నాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, కన్ను కూడా పోవచ్చు. అరుదే, కానీ ఫిల్లర్ వేసే చోట్లన్నిట్లో ముక్కు బాగా ప్రమాదమైన వాటిలో ఒకటి. కరిగించే హైలురోనిడేజ్ మందు పక్కనే పెట్టుకుని ముక్కు నాళాల దారి తెలిసిన డాక్టర్ చేస్తే ఒక లెక్క, బ్యూటీ పార్లర్ లో డిస్కౌంట్ కి వేయించుకోవడం ఇంకో లెక్క, దయచేసి రెండోది చేయొద్దు. ఎప్పుడైనా వేయించుకుని ఉంటే తర్వాత సర్జరీకి వెళ్లినప్పుడు ఆ విషయం దాచకండి.

దెబ్బ తగిలిన ముక్కు వేరే లెక్క

నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ముక్కు విరిగితే పెద్దవాళ్లకి సుమారు రెండు వారాల్లోపు ఎముకని యథాస్థానానికి నెట్టొచ్చు, పిల్లలకి ఇంకా తొందరగా అతుక్కుంటది. ఆ సమయం దాటితే అతుక్కున్నదాన్ని మళ్లీ కోయాల్సిందే, దానికి వాపు అంతా సర్దుకునేదాకా కొన్ని నెలలు ఆగాలి. అంతకన్నా అర్జెంటు ఒకటుంది, దెబ్బ తగిలాక లోపల మధ్య గోడకి మెత్తగా ఎర్రగా ఉబ్బి రెండు వైపులా మూసుకుపోతే అది రక్తం గడ్డ, అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆలస్యమైతే కార్టిలేజ్ కి రక్తం అందక కరిగిపోయి ముక్కు కుంగిపోద్ది.

ఎవరి దగ్గరికి?

ఈఎన్‌టీనా ప్లాస్టిక్ సర్జనా అని అడిగితే, ఇద్దరూ చేయొచ్చు. ఊపిరి సమస్య ఒక్కటే అయితే ఈఎన్‌టీ, రెండూ ఉంటే వారం వారం ముక్కు ఆపరేషన్లు చేస్తుండే మనిషి, డిగ్రీ ఏదైనా సరే. ఎంఎస్ ఈఎన్‌టీ, ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, డీఎన్‌బీ ఇవి అసలైన డిగ్రీలు, రిజిస్ట్రేషన్ నంబర్ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ లో ఉందో లేదో చూసుకోండి. "కాస్మెటాలజిస్ట్" అనే బోర్డు చూసి కత్తి కింద మొహం పెట్టొద్దు. ఫొటోలు అడిగినప్పుడు మీలాంటి చర్మం, మీలాంటి ముక్కు ఉన్నవాళ్లవి, ఏడాది తర్వాత తీసినవి అడగండి, నెల తర్వాత ఫొటో చూస్తే ఏమీ తెలీదు. కంప్యూటర్ లో చూపించే కొత్త ముక్కు మీరిద్దరూ ఒకే మాట మీద ఉన్నారా అని చూసుకోవడానికే, అది హామీ కాదు. మళ్లీ చేయాల్సి వచ్చే కేసులు మామూలుగా 5 నించి 15 శాతం అని చెప్తుంటారు, కాబట్టి "నాకు ఒక్కటి కూడా తిరిగి రాలేదు" అనే డాక్టర్ కన్నా "నాకు ఇన్ని వచ్చాయి, ఇట్లా సరిచేశా" అనే డాక్టర్ నాకు నచ్చుతాడు.

డబ్బు సంగతి. ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసేదానికి డబ్బు రాదు, యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికీ, వైద్యపరంగా అవసరమైన చికిత్సలో భాగమైతేనూ మినహాయింపు ఉంది. దూలం వంకర ఆపరేషన్ కి కవర్ ఉంటది కానీ చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ ఉంటది, పాలసీ పేపర్ లో ఆ లిస్టు చూసుకోండి. రెండూ కలిపి చేయించుకుంటే ఊపిరి భాగానికీ షేప్ భాగానికీ బిల్లు విడివిడిగా రాయమని ముందే అడగండి, తర్వాత క్లెయిమ్ దగ్గర గొడవ పడలేరు. అందం కోసం చేసేదానికి 18 శాతం జీఎస్టీ పడుద్ది, పుట్టుకతో వచ్చిన లోపానికో దెబ్బకో చేస్తే పడదు, కొటేషన్ లో అది కలిపారా లేదా చూడండి, మత్తు డాక్టర్ ఫీజు, రెండోసారి చేయాల్సి వస్తే ఎవరు భరిస్తారు, ఇవి కూడా. చేతిలో డబ్బు లేదంటే హైదరాబాద్ కోఠి, విశాఖ పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి, సెప్టోప్లాస్టీ వాళ్లకి మామూలు పని, వందల ఆపరేషన్లతో చేయి తిరిగిన డాక్టర్లు ఉంటారు, వరసలో నిలబడే ఓపిక కావాలి అంతే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సెలవులకి వచ్చి ఇక్కడ చేయించుకుంటాం అంటుంటారు. అక్కడ కూడా బీమా ఊపిరి భాగానికి ముందస్తు అనుమతితో ఇస్తది, షేప్ భాగం చేతి డబ్బే, కాబట్టి ఖర్చు తేడా నిజమే. కానీ మూడు వారాల ట్రిప్ లో వచ్చి స్ప్లింట్ తీసిన నాలుగో రోజు ఫ్లైట్ ఎక్కితే, ఆరో నెలలో ఏదైనా తేడా వస్తే చూసేదెవరు? వేరే సర్జన్ చేసిన ముక్కుని అక్కడ ముట్టుకోవడానికి ఒప్పుకునేవాళ్లు తక్కువ. లోపలి దూలం వరకైతే పర్లేదు, షేప్ కైతే మీరుండే ఊళ్లోనే చేయించుకోండి.

ఎప్పుడు, ఎంత టైమ్?

షేప్ కోసమైతే ముఖం ఎదుగుదల ఆగాలి, అమ్మాయిలకి 15, 16, అబ్బాయిలకి 17, 18 దాకా. బయటి స్ప్లింట్ వారం, కళ్ల కింద నలుపు రెండు వారాలు, కళ్లజోడు దూలం మీద ఆనకుండా 4 నించి 6 వారాలు, చీదడం రెండు వారాలు బంద్. సిగరెట్ ఆపరేషన్ కి కనీసం నెల ముందే మానేయాలి, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి. అసలు షేప్ తేలడానికి ఏడాది, మందం చర్మానికి ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. మా పెద్దమ్మ కూతురు పెళ్లి ముహూర్తానికి ఐదు వారాల ముందు చేయించుకుంది, ఫొటోలన్నిట్లో కొన వాచి ఉంది, ఇప్పుడు ముక్కు చక్కగా ఉంది గానీ ఆ ఆల్బమ్ తీయదు. పెళ్లికి కనీసం ఆరు నెలల ముందు, కుదిరితే ఏడాది ముందు.

షేప్ కోసం వెళ్లేవాళ్లకి ప్రేమగా చెప్పాలనుకున్నది ఒకటుంది. సెల్ఫీ చూసి నిర్ణయం తీసుకోవద్దు. 12 అంగుళాల దూరంలో తీసిన ఫొటోలో ముక్కు, 5 అడుగుల దూరంలో తీసిన దానికన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనపడుద్దని 2018లో లెక్కగట్టి చూపించారు. దూరంనించి ఎవరితోనైనా తీయించుకుని చూడండి, అప్పటికీ బాధ పెడితే వెళ్లండి. ఎవరో "చప్పిడి ముక్కు" అని వెక్కిరించారని, పెళ్లిచూపుల్లో ఏదో అన్నారని వెళ్లొద్దు. రోజులో గంటల తరబడి అద్దం ముందే గడిచిపోతుంటే, ఎదుటివాళ్లకి కనపడని లోపం మీకు కొండంత కనపడుతుంటే ముందు మానసిక వైద్యుణ్ణి కలవండి, ఆ బాధ నిజమైనదే, కానీ కత్తితో అది తగ్గదు.

చివరిగా ఒక పని. ఏ ఆపరేషన్ అయినా సరే డిశ్చార్జ్ పేపర్ తో పాటు ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి, ఎంత కార్టిలేజ్ తీశారు, ఎంత వదిలారు, ఏ గ్రాఫ్ట్ ఎక్కడ పెట్టారు, టర్బినేట్ కి ఏం చేశారు, అన్నీ అందులో ఉండాలి. నా మొదటి దాంట్లో "సెప్టోప్లాస్టీ చేయబడినది" అని ఒక్క లైనే ఉంది, రెండో డాక్టర్ నా ముక్కు తెరిచేదాకా లోపల ఏం మిగిలిందో ఆయనకీ తెలీలేదు, అందుకే కార్టిలేజ్ అవసరం పడుద్దేమోనని ముక్కుతో పాటు చెవికి కూడా గుడ్డ కట్టి రెడీగా పెట్టుకున్నారు.